కాగితంలో గాలి దారి: గర్లీ డెన్సోమీటర్ పనితనం

రాసుకునే తెల్లకాగితం ఒకటి తీసి వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. ఎక్కడా చిల్లు కనిపించదు. పెదాలకు ఆనించి ఊదితే గాలి అవతలికి పోతున్న జాడ తెలియదు. అయినా గాలి పోతూనే ఉంటుంది. కాగితమంటే లెక్కలేనన్ని సన్నని పీచులు అడ్డదిడ్డంగా ఒకదానిమీద ఒకటి పడి, తడి ఆరేటప్పుడు పెనవేసుకుని అతుక్కుపోయిన పొర. ఆ పీచుల మధ్య సందులు మిగిలిపోతాయి. సందూ సందూ కలిసి ఈ వైపు నుంచి ఆ వైపుకు వంకర దారులు ఏర్పడతాయి. కంటికి ఆనని ఆ దారుల్లో గాలి ఎంత సులువుగా నడుస్తుందో చెప్పాలి. అదీ పంపు లేకుండా, కరెంటు లేకుండా, ఒక బరువుతోనూ ఒక గడియారంతోనూ చెప్పాలి. ఈ పనిని ఇంత పొందిగ్గా చేసే పరికరం గర్లీ డెన్సోమీటర్. కాగితం పరిశ్రమ ల్యాబుల్లో దశాబ్దాలుగా నిలబడి ఉన్న ఈ రెండు గొట్టాల అమరికను దగ్గరగా చూస్తే, కొలత అనే విద్యలో పనితనం అంటే ఏమిటో అర్థమవుతుంది.

భూమిని కొలిచినవాళ్ల ఊరు

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ట్రాయ్ అనే ఊరుంది. అక్కడ విలియం గర్లీ, లూయిస్ గర్లీ అనే అన్నదమ్ములు 1852లో తమ పేరుతో సంస్థ నడపడం మొదలుపెట్టారు. దిక్సూచులు, ట్రాన్సిట్లు, లెవెల్ యంత్రాలు వంటి భూమి సర్వే పరికరాల తయారీలో అమెరికాలో ఆ సంస్థకు గొప్ప పేరు. 1862లో ట్రాయ్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి వాళ్ల కార్ఖానా కాలిపోతే, అదే ఏడాది మళ్లీ కట్టుకున్నారు. కాగితం పరీక్ష పరికరాలు ఆ సంస్థ చేతికి తరవాత వచ్చాయి. సర్వే పరికరం చేసేవాళ్లకు పుట్టుకతో వచ్చే గుణం ఒకటుంటుంది: ఎండలో, వానలో, ఎవరి చేతిలో పెట్టినా అదే అంకె రావాలన్న పట్టుదల. డెన్సోమీటర్‌లోనూ ఆ గుణం అడుగడుగునా కనిపిస్తుంది. నేటికీ కాగితం వాళ్లు గాలి కొలతను చెప్పేటప్పుడు "గర్లీ ఎంత?" అనే అడుగుతారు. ఇంటిపేరు కొలతకు పేరైపోయింది.

రెండు గొట్టాలు, కొంచెం నూనె

పరికరం చూడడానికి చాలా సాదాగా ఉంటుంది. నిటారుగా నిలబెట్టిన లోహపు గొట్టం ఒకటి, ఎత్తు 254 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 82.6 మిల్లీమీటర్లు. అందులో సగం ఎత్తు వరకు పలుచని నూనె. ఆ నూనెలోకి బోర్లించినట్టు దిగే రెండో గొట్టం, బయటి వ్యాసం 76.2 మిల్లీమీటర్లు. దాని పైభాగం మూసి ఉంటుంది, అడుగు తెరిచి ఉంటుంది. ఈ లోపలి గొట్టం బరువు 567 గ్రాములు. అర గ్రాముకు మించి అటూ ఇటూ ఉండకూడదు. రెండింటి మధ్య మిగిలే సందు ఒక్కో వైపు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. బయటి గొట్టం లోపలి గోడకు సన్నని నిలువు పట్టీలు ఉంటాయి. లోపలి గొట్టం దిగేటప్పుడు పక్కకు వాలకుండా అవి దారి చూపిస్తాయి.

లోపలి గొట్టంలో చిక్కుకున్న గాలికి బయటికి పోవడానికి ఒక్కటే మార్గం. మధ్యలో ఉన్న సన్నని గొట్టం గుండా కిందికి దిగి, పీఠం దగ్గర బిగించిన కాగితం ముక్కలోంచి అవతలికి పోవాలి. గాలి పోయినకొద్దీ గొట్టం తన బరువుతో తాను నెమ్మదిగా దిగుతుంది. గొట్టం మీద చెక్కిన గీతలు 50 మిల్లీలీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి. సున్నా గీత బయటి గొట్టం అంచును దాటిన క్షణం నుంచి, 100 మిల్లీలీటర్ల గీత అదే అంచును దాటే క్షణం వరకు ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. ఆ సెకన్లే గర్లీ అంకె. సెకన్లు ఎక్కువైతే కాగితం బిగువుగా ఉన్నట్టు, తక్కువైతే గుల్లగా ఉన్నట్టు.

పల్లెల్లో గోబర్ గ్యాస్ తొట్టి చూసినవారికి ఈ సూత్రం కొత్త కాదు. అక్కడ ఇనుప డ్రమ్ము పేడ ద్రవంలో బోర్లించి ఉంటుంది, గ్యాసు తయారైతే పైకి లేస్తుంది, పొయ్యి వెలిగిస్తే కిందికి దిగుతుంది. డ్రమ్ము బరువు మారదు కాబట్టి పొయ్యికి వచ్చే ఒత్తిడి మారదు. గర్లీ చేసింది అదే సూత్రాన్ని తీసుకుని, అర గ్రాము తేడా కూడా సహించని స్థాయికి చెక్కడం.

ఒత్తిడిని కనిపించేలా చేసిన తీరు

567 గ్రాముల బరువు ఆ గొట్టం వెడల్పు మీద పంచుకుంటే లోపలి గాలి మీద పడే ఒత్తిడి 1.22 కిలోపాస్కల్. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో అది ఎనభయ్యో వంతు కన్నా తక్కువ. ఇంత తక్కువ ఎందుకంటే, గట్టిగా తోస్తే పలుచని కాగితం ఉబ్బుతుంది, సందులు సాగుతాయి, అప్పుడు మనం కొలిచేది కాగితాన్ని కాదు, దానికి చేసిన గాయాన్ని. ఇంకా తగ్గిస్తే బిగువైన కాగితాలకు గంటలు పడుతుంది. ఈ రెంటికీ మధ్య సరిపోయే చోటు చూసుకుని ఆ బరువును ఖాయం చేశారు.

నూనె సగం వరకే ఎందుకు పోస్తారో ఇక్కడ తెలుస్తుంది. లోపలి గొట్టాన్ని నూనెలో నిలబెట్టగానే చిక్కుకున్న గాలి లోపలి నూనెను కిందికి తోస్తుంది. ఆ నూనె రెండు గొట్టాల మధ్య సందులోకి ఎగబాకుతుంది. సందు ఇరుకు కాబట్టి అక్కడ మట్టం చాలా పైకి లేస్తుంది. లోపలి మట్టానికీ బయటి మట్టానికీ మధ్య తేడా లెక్క కడితే సుమారు 14 సెంటీమీటర్లు వస్తుంది. గాలి మీద ఉన్న ఒత్తిడి అంటే ఆ తేడాయే. ముందే నిండుగా పోసి ఉంటే నూనె అంచు దాటి పొర్లిపోయేది. 254 మిల్లీమీటర్ల ఎత్తు, 82.6 మిల్లీమీటర్ల వ్యాసం, సగం నూనె: ఇవన్నీ ఒకే లెక్కలో ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డ అంకెలు.

పనితనం అసలు కనిపించేది గొట్టం గోడ మందంలో. గొట్టం దిగినకొద్దీ దాని గోడ నూనెలో మరింత మునుగుతుంది. మునిగినంత మేరకు నూనె దాన్ని పైకి తోస్తుంది, అంటే బరువు కొంత తేలికవుతుంది, ఒత్తిడి కొంత తగ్గుతుంది. ఈ దోషాన్ని పూర్తిగా తీసేయడం కుదరదు, తగ్గించడం కుదురుతుంది. అందుకే గోడను ఒక మిల్లీమీటరు కాస్త పైచిలుకు మందానికే ఉంచారు. 100 మిల్లీలీటర్ల గాలి పోవడానికి గొట్టం దిగేది రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. ఆ మేరకు ఒత్తిడిలో వచ్చే తగ్గుదల సుమారు ఒక శాతం. గోడ మందం రెట్టింపు చేసి ఉంటే తగ్గుదలా రెట్టింపయ్యేది. ఇలా పరికరం తన తప్పు ఎంతో తనకే తెలిసినట్టు, దాన్ని అదుపులో పెట్టుకుని పని చేస్తుంది.

నీళ్లు పోయకుండా నూనె ఎందుకు పోశారన్నది మరో మంచి ఆలోచన. నీళ్లయితే లోపలి గాలిలోకి ఆవిరి చేరి, ఆ తేమ కాగితం పీచుల్లోకి దిగుతుంది. పీచు తేమ పీల్చుకుంటే ఉబ్బుతుంది, సందు ఇరుకవుతుంది, అంకె మారిపోతుంది. నూనె ఆవిరి కాదు, లోహాన్ని తుప్పు పట్టనివ్వదు. అది చిక్కగా ఉంటే గొట్టం దిగడానికి అడ్డుపడుతుంది కాబట్టి పలుచగా ఉండాలన్న నియమమూ ఉంది.

ఒక గాస్కెట్ చెప్పే నిజం

గాలి కాగితం గుండానే పోవాలి, పక్క నుంచి కాదు. ఇక్కడ చిన్న తప్పు జరిగితే పైన చెప్పిన నైపుణ్యమంతా వృథా. బిగింపు దగ్గర గాలి ఒత్తిడి పడే వైపున మెత్తని రబ్బరు లాంటి గాస్కెట్ ఉంటుంది. దాని లోపలి వ్యాసం 28.6 మిల్లీమీటర్లు. ఆ వలయంలో చిక్కిన విస్తీర్ణం దాదాపు ఒక చదరపు అంగుళం, అంటే 6.4 చదరపు సెంటీమీటర్లు. పరీక్షకు నిలబడేది ఆ కాస్త కాగితమే. పాత నమూనాల్లో కాగితాన్ని దిగే గొట్టం తలమీదే బిగించేవారు. అక్కడ గాలి లీకయ్యే వీలు ఎక్కువని తరవాతి నమూనాల్లో బిగింపును కదలని పీఠానికి మార్చారు.

లీకు ఉందో లేదో తెలుసుకునే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. కాగితం బదులు గాలి చొరబడని నున్నని లోహపు రేకునో ప్లాస్టిక్ ఫిల్మునో బిగించి గొట్టాన్ని వదిలేయాలి. అయిదు గంటలు గడిచినా 50 మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ గాలి పోకూడదు. ఈ నియమం వెనక ఉన్న లెక్క చూడండి. ఆ వేగంతో 100 మిల్లీలీటర్లు లీకవడానికి పది గంటలు, అంటే 36,000 సెకన్లు పడుతుంది. 20 సెకన్ల కాగితాన్ని పరీక్షిస్తుంటే లీకు వాటా పద్దెనిమిది వందల్లో ఒక వంతు, లెక్కలోకి రాదు. కానీ 1,000 సెకన్ల కాగితానికి అదే లీకు దాదాపు మూడు శాతం అవుతుంది. అందువల్ల బిగువైన కాగితాలు చూసే ల్యాబులో గాస్కెట్‌ను ఎంత శ్రద్ధగా చూసుకుంటారన్నది ఆ ల్యాబు అంకెల విలువను నిర్ణయిస్తుంది. గరుకైన కాగితాలు, ముడతలు పెట్టిన అట్టలు ఈ పరికరానికి పనికిరావని నియమావళి ముందే చెప్పేస్తుంది. వాటి ఉబ్బెత్తుల కింద నుంచి గాలి పక్కకు జారుకుంటుంది.

చేతి పని

యంత్రం ఎంత మంచిదైనా దాన్ని నడిపే చేతికి నేర్పు కావాలి. ముందు పీఠాన్ని మట్టంగా పెట్టి గొట్టాలు నిటారుగా ఉన్నాయో లేదో చూస్తారు. ఏ మాత్రం వాలినా గొట్టం పట్టీకి రాసుకుని ఆలస్యంగా దిగుతుంది. లోపలి గొట్టాన్ని పైకెత్తి ఆపు మీద నిలుపుతారు. కాగితం ముక్కను అంచులు పట్టుకుని, పరీక్షించే భాగానికి వేలు తగలకుండా బిగిస్తారు. తరవాత గొట్టాన్ని కుదుపు లేకుండా వదులుతారు. ఒక్కసారిగా జారవిడిస్తే మొదటి క్షణాల్లో ఒత్తిడి ఊగిసలాడుతుంది. గొట్టం కుదురుగా దిగడం మొదలుపెట్టాకే గీత కోసం చూడాలి. గీత అంచును తాకగానే స్టాప్‌వాచ్ నొక్కాలి. బల్ల కదిలినా, పక్కనే మోటారు తిరిగినా ఆ అదురుకు గొట్టం తొందరగా దిగుతుంది. కాబట్టి ల్యాబులో ఈ పరికరానికి నిశ్చలమైన చోటు కేటాయిస్తారు.

ఒక్క ముక్కతో తీర్పు చెప్పరు. కనీసం పది ముక్కలు చూడాలి, అందులో సగం పై వైపు పైకి పెట్టి, సగం కింది వైపు పైకి పెట్టి. కాగితం యంత్రం మీద గుజ్జు పరుచుకునేటప్పుడు నీళ్లు కిందికి కారతాయి కాబట్టి రెండు వైపులూ ఒకే తీరుగా ఉండవు. ఇక తేమ సంగతి. అంతర్జాతీయ నియమం ప్రకారం కాగితాన్ని 23 డిగ్రీల సెల్సియస్, 50 శాతం తేమ ఉన్న గదిలో ఉంచి, అక్కడి గాలికి అలవాటు పడ్డాకే పరీక్షించాలి. ఉష్ణదేశాలకు మాత్రం 27 డిగ్రీలు, 65 శాతం తేమ అనే వెసులుబాటు ఉంది. రాజమహేంద్రవరం, కాగజ్‌నగర్, సారపాక వంటి కాగితం ఊళ్లున్న మనకు ఈ వెసులుబాటు ఎంత సహజమైనదో చెప్పనక్కర్లేదు. అయితే ఏ గదిలో కొలిచారో పక్కన రాయకపోతే ఆ రెండు రకాల అంకెల్ని పోల్చి చూడడానికి వీల్లేదు.

అంకె వెనక ఉన్న శాస్త్రం

ద్రవాలూ వాయువులూ సందుల్లోంచి నడిచే తీరును మొదట అంకెల్లో పెట్టింది నీళ్ల కోసం పనిచేసిన ఒక ఇంజినీరు. ఫ్రాన్స్‌లోని డిజోన్ నగరానికి మంచినీళ్లు తెచ్చిన హెన్రీ డార్సీ, అక్కడి ఆసుపత్రి ఆవరణలో నిలువు గొట్టంలో ఇసుక నింపి నీళ్లు వదిలి కొలిచాడు. 1856లో అచ్చయిన అతని పుస్తకంలో ఆ ఫలితం ఉంది. ఒత్తిడి రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు, పొర మందం రెట్టింపైతే ప్రవాహం సగం. ఎంత సులువుగా దారి ఇస్తుందన్నది ఆ పదార్థం సొంత గుణం. దాన్నే పారగమ్యత అంటున్నాం. కాగితం గర్లీ అంకెకు పునాది ఇదే.

అంతకు ముందే జాన్ పోజాయి అనే ఫ్రెంచి వైద్యుడు, రక్తం సన్నని నాళాల్లో ఎలా నడుస్తుందో తెలుసుకోవాలని గాజు సూక్ష్మనాళికల మీద ప్రయోగాలు చేశాడు. నాళం వ్యాసం రెట్టింపైతే ప్రవాహం పదహారు రెట్లవుతుందని తేల్చాడు. ఈ మాటను కాగితానికి అన్వయించి చూడండి. ఒక కాగితంలో నాలుగు సన్నని రంధ్రాలున్నాయనుకుందాం. మరోదాంట్లో వాటికి రెట్టింపు వ్యాసమున్న రంధ్రం ఒక్కటే ఉంది. ఖాళీ విస్తీర్ణం రెండింటికీ సమానం. కానీ పెద్ద రంధ్రం ఒక్కటే, ఆ నాలుగూ కలిసి వదిలే గాలికి నాలుగు రెట్లు వదులుతుంది. కాబట్టి గర్లీ అంకె కాగితంలో ఎంత ఖాళీ ఉందో చెప్పదు. ఆ ఖాళీ ఎలా పంచుకుని ఉందన్న దాన్నిబట్టి కూడా అది మారుతుంది. కంటికి కనిపించని ఒక సూదిబెజ్జం ఉన్నా ఆ ముక్క సెకన్లు మిగతా తొమ్మిదింటి కన్నా ఎందుకు పడిపోతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

మిల్లులో ఈ అంకె కావలికాస్తుంది. గుజ్జును రిఫైనర్లలో ఎంత నలిపితే పీచు అంతగా చీలి, నూగు లేచి, ఒకదాన్నొకటి అంత గట్టిగా అంటుకుంటుంది. సందులు మూసుకుపోతాయి, సెకన్లు పెరుగుతాయి. నూనె అంటని పొట్లాం కాగితం, ట్రేసింగ్ కాగితం ఆ దారిలో చివరి మజిలీలు. వాటి విషయంలో గొట్టం దిగిందో లేదో అనిపించేంత నెమ్మది. సిమెంటు, పిండి నింపే కాగితపు సంచులది ఇందుకు పూర్తిగా తలకిందుల అవసరం. గాలితో కలిపి పొడిని సంచిలోకి తోసేటప్పుడు ఆ గాలి క్షణాల్లో గోడల గుండా బయటికి పోకపోతే సంచి పగులుతుంది. ఆ క్రాఫ్ట్ కాగితానికి గర్లీ అంకె కొన్ని సెకన్లే ఉండాలి, పైగా బలమూ తగ్గకూడదు. ముద్రణశాలలో గాలి పీల్చి కాగితాన్ని ఎత్తే యంత్రాలకు ఇంకో ఇబ్బంది ఉంది. కాగితం మరీ గుల్లగా ఉంటే పై పొర గుండా పీల్చిన గాలి కింది కాగితాన్నీ పట్టేసి, రెండు కలిసి లేస్తాయి.

ఇదే అంకె ఇప్పుడు మన జేబుల్లోకీ వచ్చింది. సెల్‌ఫోన్ లిథియం బ్యాటరీలో రెండు ధ్రువాల మధ్య 20 మైక్రాన్ల అటూ ఇటూ మందంలో ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. లిథియం అయాన్లకు దారివ్వాలి, ధ్రువాలను మాత్రం తాకనివ్వకూడదు. ఆ పొర గుణం చెప్పేటప్పుడు తయారీదార్లు వాడే కొలతల్లో గర్లీ సెకన్లు ఒకటి. అవి సాధారణంగా వందల్లో ఉంటాయి.

హద్దులు

ఏ కొలతకైనా హద్దులుంటాయి. బ్యాటరీ పొరలో రంధ్రాలు ఎంత సన్నగా ఉంటాయంటే, గాలి అణువు మరో అణువును ఢీకొనకుండా ప్రయాణించే సగటు దూరం, అంటే సుమారు 70 నానోమీటర్లు, ఆ రంధ్రాల వెడల్పుకు దగ్గరగా వచ్చేస్తుంది. అక్కడ గాలి నీళ్లలా పారదు. గోడలను ఢీకొంటూ జారుతూ పోతుంది. రాతి పొరల్లో వాయువుల నడకను పరిశీలించిన క్లింకెన్‌బర్గ్ 1941లో ఈ తేడాకు సవరణ చూపించాడు. అందుచేత గాలితో వచ్చిన అంకెను ద్రవానికి నేరుగా అంటగట్టకూడదు. కాగితం విషయంలోనైతే నీళ్లు తగిలితే పీచే మారిపోతుంది.

మరీ గుల్లగా ఉండే గుడ్డకూ గర్లీ సరిపోదు. గొట్టం రెప్పపాటులో పడిపోతుంది. బట్టలకు వేరే పద్ధతి ఉంది. అమెరికా ప్రమాణం ప్రకారం 125 పాస్కల్ ఒత్తిడి నిలకడగా ఉంచి, గుడ్డ గుండా ఎంత గాలి పోతుందో కొలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణంలో దుస్తులకు 100, పారిశ్రామిక గుడ్డలకు 200 పాస్కల్. కాగితానికే బెండ్‌ట్సెన్ అనే మరో పరికరం 1.47 కిలోపాస్కల్ దగ్గర నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లో చెబుతుంది. దేని పద్ధతి దానిది. కానీ వాటన్నింటికీ ఒత్తిడిని నిలకడగా ఉంచడానికి ఏదో ఒక పంపో, నియంత్రకమో కావాలి. గర్లీకి భూమి ఆకర్షణ చాలు. అది ఏ రోజూ హెచ్చదు, తగ్గదు, ఎవరూ దాన్ని సరిచేయనక్కర్లేదు.

తరవాత స్టాప్‌వాచ్ బదులు కాంతి కిరణంతో గీతను గుర్తించే టైమర్లు వచ్చాయి. మంచిదే. చేతి ఆలస్యం తగ్గింది. కానీ లోపల దిగుతున్నది ఇప్పటికీ అదే 567 గ్రాముల గొట్టం, అదే నూనెలో. మెరుగుపరచడానికి మిగిలింది గడియారం ఒక్కటే అయిందంటే తక్కిన అమరికను మొదట్లోనే ఎంత ఆలోచించి చేశారో చూడండి. పాత పరికరాల్లో ఇంతటి నిజాయితీ ఉన్నవి అరుదని నా అభిప్రాయం.

కాగితం, వస్త్ర, బ్యాటరీ రంగాల్లోకి అడుగుపెట్టే విద్యార్థులకు ఒక మాట. డిజిటల్ తెరమీద అంకె చదివే ముందు, ఒక్కసారైనా చేత్తో గొట్టం ఎత్తి, కాగితం బిగించి, గీత దిగడాన్ని కంటితో చూడండి. ముందు లీకు పరీక్ష చేయండి. తరవాత అంకెతో పాటు ఒత్తిడి, విస్తీర్ణం, గాలి పరిమాణం, గది తేమ కూడా రాయండి. ఈ నాలుగూ లేని "సెకన్లు" ఎవరికీ ఏమీ చెప్పవు. ఇవి ఉంటే ట్రాయ్‌లో వచ్చిన అంకెను రాజమహేంద్రవరంలో నమ్మవచ్చు.